ఖర్చులతో వాయిదా

లాసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు. ప్రశ్నలు 120, ఒక్కోదానికి నాలుగు జవాబులు, టైము గంటన్నర. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులొస్తే చాలు. కళ్లు మూసుకుని నొక్కుకుంటూ పోయినా సగటున 30 పడతాయి కదా, ఇక నేను చదివి సంపాదించాల్సింది పన్నెండే! ఈ లెక్క తేల్చడానికి ఓ ఆదివారమంతా పట్టింది. తేలాక ఎంత నిశ్చింత కలిగిందంటే, ఆ సాయంత్రం పుస్తకం తీయలేదు. ఆ వారమంతా తీయలేదు.

తర్వాత కాస్త చదివి మోడల్ పేపర్ రాస్తే 28 వచ్చాయి.

మా ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "చదవకుండా రాసుంటే ఇంకో రెండు వచ్చేవేమోనండీ" అంది.

బ్యాంకులో రిటైరయ్యాక లా చదువుతానని పెళ్లి భోజనాల దగ్గర బంధువులందరి ముందూ ప్రకటించింది నేనే. మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఉండాలి, వయసు అడ్డు లేదు. అది నా ఖర్మ. మా బావమరిది అప్పుడే పొలం గట్టు తగాదా కాగితాలు సంచీలో పెట్టి తెచ్చిచ్చాడు. ఎంట్రన్సు రాయకముందే క్లయింటు దొరికిన లాయరు రాష్ట్రంలో ఇంకొకడు ఉండడు.

కోఠీలో సగం ధరకి కొన్న గైడు ఇంకోలా ముంచింది. హత్య 302, మోసం 420 అని పొద్దున్నే వల్లెవేస్తుంటే పక్కింటి ఇంటర్ కుర్రాడు గోడ మీంచి తొంగిచూసి, "అంకుల్, 2024 జులై నుంచి అవి లేవు. ఇప్పుడు న్యాయ సంహిత. 302 పోయి 103, 420 పోయి 318" అన్నాడు. కరెంట్ అఫైర్స్‌కే 30 మార్కులున్న పరీక్ష రాయబోయే పెద్దమనిషికి ఈ సంగతి పరీక్ష ముందువారం తెలిసింది. నిజం చెప్పొద్దూ, సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువేసింది. పార్లమెంటే సెక్షన్లు మార్చేస్తే నేనేం చేసేది!

లాసెట్ తేదీని మన వీలు చూసుకుని జరపలేం. ఎగ్గొట్టడమే, వచ్చే ఏడు మళ్లీ ఫీజు కట్టుకోవడమే. అందుకని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ పక్కన చేరి, నాలుగు కాయలు నేనూ తుంచి, మెల్లగా వచ్చే ఏటికి వాయిదా వేసుకునే విషయం ఎత్తాను.

"సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17లో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని ఉందండీ. ఇస్తే ఖర్చులు కూడా వేయొచ్చట" అంది తలెత్తకుండా.

"నువ్వెప్పుడు చదివావు?"

"మీరు పన్నెండు మార్కుల లెక్క వేసుకుంటున్నప్పుడు."

ఖర్చుల కింద అటక శుభ్రం చేయాలని ఆర్డరు పడింది. పరీక్ష రోజున తలకి తువ్వాలు చుట్టుకుని స్టూలెక్కాను. చిల్లుపడ్డ ఇత్తడి బిందెలు, ఎలుకలు కొట్టిన పరుపు, మా అబ్బాయి ఎంసెట్ పుస్తకాలు. కింద కుర్చీలో ఆవిడ, ఒళ్లో నా గైడు.

"అరెస్టు చేసిన మనిషిని ఎన్ని గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలండీ?"

"నలభై ఎనిమిది."

"ఇరవై నాలుగు. ఆ మూలనున్న బిందె కూడా దించండి."