ఆరోగ్యానికి ముహూర్తం

ఆరోగ్యంగా బతకాలని గట్టిగా అనుకున్నవాళ్ళు ముందు మంచిరోజు చూసుకోవాలి. సంక్రాంతి ముందు మొదలుపెట్టకండి, ఇంట్లో సకినాలు కాలుతుంటాయి. డబ్బా అడుగు కనబడేసరికి, ఆ ఏడు సమ్మక్క జాతర ఉంటే, మేడారం నుంచి బెల్లం బంగారం వస్తుంది. వద్దంటే తల్లికి కోపం. వెనకే పెళ్ళిళ్ళు. రామగుండంలో 45 డిగ్రీలు దాటాక నడిచేవాడు పిచ్చోడు, ఆదిలాబాద్ చలి ఐదారు డిగ్రీలకు దిగినప్పుడు నడిచేవాడు వాడికన్నా పెద్ద పిచ్చోడు. వానలకు బురద, దసరాకు యాట. మిగిలేది ఏదో ఒక సోమవారం. దానికి ముందు ఆదివారం దావత్ లేకుండా చూసుకోండి.

ముహూర్తం కుదిరాక అన్నీ ఒకేరోజు మార్చేయండి. అన్నం బంద్, చాయ్ బంద్, పొద్దుగాల నాలుగింటికే లేవాలి. "ముందు చాయ్‌లో ఒక చెంచా చక్కెర తగ్గించి చూడు" అనేవాళ్ళ మాట వినొద్దు, వాళ్ళు జీవితంలో పైకి రారు. 21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందని అందరికీ చెప్పండి. ఆ లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోది. ముక్కు సరిచేయించుకున్నవాళ్ళు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. మనదాకా వచ్చేసరికి ఆ "కనీసం" రాలిపోయింది. లండన్‌లో 96 మంది మీద చేసి 2009లో వెల్లడించిన పరిశోధనలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులని తేలింది. ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. ఈ ముక్క మాత్రం మర్చిపోండి. ఒక రోజు తప్పితే వ్రతం చెడ్డట్టే లెక్క. ఇక వారమంతా ఏం తిన్నా అడిగేవాళ్ళు ఉండరు.

నడకకు కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట ఉంది. అక్కడిదాకా బైక్ మీద పోండి. చేతికి అడుగులు లెక్కబెట్టే వాచీ తప్పనిసరి, పదివేలకు ఒక్కటి తగ్గినా నడిచినట్టు కాదు. 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగుల మీటరు అమ్ముకోవడానికి దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టింది. బేరం కోసం పుట్టిన అంకె అయితేనేం, గుండ్రంగా ఉంది కదా. 2023లో తెరిచిన తీగల వంతెన మీద నాలుగు సెల్ఫీలు దిగి, చెమట ఆరకముందే మిర్చి బండి దగ్గరికి రండి. బజ్జీని పాత పేపర్లో పెట్టి రెండు అరచేతులతో నొక్కితే నూనె పేపర్‌కు, అక్షరాలు బజ్జీకి పోతాయి. ఇక అది ఆవిరి మీద ఉడికించినదే అనుకోవచ్చు.

తిండి సంగతి. అమ్మమ్మ తిన్న గటుక, తైదంబలి, జొన్నరొట్టె పేదోళ్ళ తిండని మానేశాం కదా, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నాక వాటినే రంగు ప్యాకెట్లో ఐదింతల ధరకు తెచ్చుకోండి. ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పటికీ పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తున్నారు, ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. అటువైపు పోయినా వాటి ఫొటో తీసుకుని, హైవే దాబాలో బటర్ నాన్ తినండి.

బీపీ చూపించుకోవద్దు. నొప్పి లేకుండా లోపల్లోపలే గుండెనీ కిడ్నీలనీ దెబ్బతీస్తుందని డాక్టర్లు అంటారు. నొప్పే లేనిదానికి గోలీ దేనికి? 2022లో సిరిసిల్ల, ములుగు జిల్లాల్లో సిబ్బంది ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూశారు. మీ వాడకు అలాంటివాళ్ళు వస్తే వెనక తలుపు నుంచి ఎటైనా నడిచిపోండి. ఆ అడుగులూ లెక్కకొస్తాయి.

మీ ఆరోగ్యం మీ ఒక్కరి పని కాదు, ఇంటామెకు అప్పజెప్పండి. మీకు ఉప్పు లేని కూర, పిల్లలకు టిఫిన్ డబ్బాలు, అత్తమ్మకు మెత్తటి అన్నం ఆమె వేర్వేరుగా వండాలి. సాయంత్రం వాకింగ్‌కు తీరిక లేదంటే "నీకు పట్టుదల లేదు" అనండి. ఆ వాచీ మాత్రం ఒక్కరోజైనా ఆమె చేతికి కట్టకండి. రాత్రి గిన్నెలు తోమేసరికి అందులో పడే అంకె చూశాక మళ్ళీ మీరు పెట్టుకోలేరు.