‘అంగీకరిస్తున్నాను’: డాష్‌బోర్డు సూక్తానికి టీకా తాత్పర్యాలు

అవతారిక. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి సంజీవని అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కవి వాణి మూర్ఛపోయిందనీ, దాన్ని లేపి కూర్చోబెట్టడానికే తన పూనిక అనీ చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. నాకు దొరికిన మూలం నా కారు తెర మీద తాళం తిప్పగానే ప్రత్యక్షమయ్యే హెచ్చరిక. ఇక్కడ మూలం నిక్షేపంలా ఉంది. దాన్ని రోజుకు నాలుగుసార్లు చదవకుండా ఒప్పుకుంటూ మూర్ఛలో ఉన్నది నేను. సూరిగారి ఒట్టులో మొదటి సగం పాటిస్తాను. రెండో సగం నావల్ల కాదు.

ఈ వ్యాఖ్య పేరు ‘తర్జని’. చూపుడువేలికి ఆ పేరెందుకొచ్చిందంటే, తర్జించేది, అంటే బెదిరించేది కనుక. పిల్లల ముఖం మీద లేచి ఆడేది ఆ వేలే. నా కారులో బెదిరించే పని తెర తీసుకుంది. తర్జని వణుకుతూ వెళ్లి దానికి దండం పెట్టి వస్తుంది. వేలికి పోయిన పరువు తెచ్చిపెట్టడం ఈ వ్యాఖ్యకు ప్రయోజనం.

మూలం. “హెచ్చరిక! వాహనము నడుపునపుడు ఈ తెరను చూచుట తీవ్ర ప్రమాదమునకు దారితీయవచ్చును. దృష్టిని ఎల్లవేళల రహదారిపైననే నిలుపుము. వాహనము సురక్షితముగా ఆగియున్నపుడు మాత్రమే గమ్యమును నమోదు చేయుము. మార్గసూచన తప్పు కావచ్చును. స్థానిక చట్టములను పాటింపుము. అంగీకరించుచున్నాను.”

ఇంగ్లీషు నుంచి నేనే తెనిగించాను. వ్యావహారికంలో పెడితే ఎవరో మామూలు మనిషి మాట్లాడినట్టుంది. ఆ అపచారం చేయలేక గ్రాంథికం చేశాను.

ప్రతిపదార్థం సులభం, వదిలేశాను. ‘మార్గసూచన తప్పు కావచ్చును’ అన్నది మరీ స్పష్టం. వివరించబోతే ఓక్ ట్రీ రోడ్డులో మిఠాయి కొట్టుకని బయల్దేరి శ్మశానం గేటు ముందు తేలిన వృత్తాంతం చెప్పాల్సి వస్తుంది.

పాఠభేదాలు. మా బావమరిది కారులో మూలం ఇంకా పొడుగు. మా పొరుగువారి కారులో పలక్కుండా కూర్చుంటే కాసేపటికి తెరే విసిగి తప్పుకుంటుంది. కంపెనీల పేర్లు చెప్పను. శాఖలు వేరైనా వేదం ఒకటే.

వ్యాకరణ విశేషం. మూలంలో ‘నిలుపుము’, ‘చేయుము’, ‘పాటింపుము’ అని వరసగా మధ్యమ పురుష. ఎవరో పైనుంచి మనతో చెబుతున్నారు. చివరి క్రియ దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా ఉత్తమ పురుష: ‘అంగీకరించుచున్నాను’. ఈ ‘నేను’ ఎవరు? ఇంతసేపూ మాట్లాడినవాడు కాడు. వాడు అంగీకరించేదేమీ లేదు. వింటున్నవాడు నోరు తెరవలేదు. అంటే వక్త తన మాట ఆపి, శ్రోత గొంతుతో ఒక్క మాట పలికి వెళ్లిపోయాడు. నాటకంలో దీన్ని ఆకాశభాషితం అనవచ్చు. కోర్టులో ఏమంటారో వకీళ్లకు తెలుసు. శాస్త్రగ్రంథానికి అధికారి ఎవరో మొదట తేల్చాలంటారు గదా, ఈ గ్రంథానికి అధికారి కారు నడిపేవాడు కాడు. ప్రమాదం జరిగాక, రెండేళ్లకు, నల్లకోటు వేసుకుని దీన్ని చదివేవాడు.

అలంకారం. ‘ఈ తెరను చూడకు’ అన్న సంగతి తెలియాలంటే ఈ తెరనే చూడాలి. చూపు తిప్పనని ఒప్పుకోవడానికి చూపు తిప్పి వేలు పెట్టాలి. విరోధాభాసం అందామంటే, విరోధం ఉన్నట్టు కనిపించి చివరికి విడిపోవాలి. ఇది విడిపోదు. నికరమైన విరోధం.

తిప్పిన చూపుకు కొలతలు కూడా ఉన్నాయి. 2013లో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ కార్ల కంపెనీలకు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. చూపు ఒక్కసారికి రెండు సెకన్లకు మించి రోడ్డు వదలకూడదు. ఏ పనైనా మొత్తం కలిపి 12 సెకన్ల చూపులతో అయిపోవాలి. కారు కదులుతుండగా అక్షరాలు కొట్టనివ్వకూడదు. పాటించడం కంపెనీల ఇష్టం. మీమాంసకులైతే విధి కాదు, అర్థవాదం అని పక్కన పెట్టేవారు. గంటకు 65 మైళ్ల వేగంలో రెండు సెకన్లంటే 190 అడుగులు. మా ఇంటి ముందు ఆపిన కారులో, కళ్లజోడు పెట్టుకుని, మూలాన్ని అక్షరం వదలకుండా చదివాను. 14 సెకన్లు పట్టింది.

ఇక ‘దృష్టి’ అన్న పదం. దీని దగ్గర కాస్త ఆగాలి.

దృష్టి అంటే కంటిచూపు అని తెర అనుకుంటోంది. గౌతముడి న్యాయసూత్రాలు అలా అనుకోలేదు. ఒకేసారి రెండు జ్ఞానాలు పుట్టకపోవడమే మనస్సు ఉందనడానికి గుర్తు అని అక్కడ సిద్ధాంతం. కన్ను, చెవి, ముక్కు అన్నీ తెరుచుకునే ఉంటాయి. అణువంత మనస్సు వెళ్లి దేనికి తగిలితే దాని కబురే అందుతుంది. దీనికి పూర్వపక్షం చేసినవాడు భోజనప్రియుడై ఉండాలి. దీర్ఘశష్కులి అనే పిండివంటను సభలోకి తెచ్చాడు. పొడుగ్గా, కరకరలాడుతూ ఉంటుంది. శష్కులి అంటే మన చక్కిలమేనని నా నమ్మకం. కన్నడిగులు చక్కులి అని ఇంకా దగ్గరగా పిలుస్తారు. దాన్ని కొరికినప్పుడు రంగు కంటికి, వాసన ముక్కుకు, కరకర చెవికి, గరుకు వేలికి, రుచి నాలుకకు ఒక్క క్షణంలో తెలియడం లేదా, నీ అణువు ఏమైంది అని నిలదీశాడు.

మా సంస్కృతం మాస్టారు ఈ పాఠం చెప్పిన రోజు నిజంగానే చక్కిలాల పొట్లం తెచ్చి తలా ఒకటి పంచారు. కొరికి, ఏది ముందు తెలిసిందో చెప్పమన్నారు. క్లాసంతా కరకరలాడింది గాని తేలలేదు. పరీక్ష సరిగా జరగడానికి ఇంకొకటి కావాలని నేను అడిగితే, “అలా పోతే అనవస్థా దోషం వస్తుందిరా” అని పొట్లం మూసేశారు. తర్వాత సమాధానం చెప్పారు. నూరు కలువరేకులు దొంతర పెట్టి సూదితో పొడిస్తే అన్నీ ఒక్కసారే చిల్లుపడ్డట్టు ఉంటుంది; సూది మాత్రం ఒక్కొక్క రేకే దాటింది. కొరివిని గిరగిరా తిప్పితే నిప్పుచక్రం కనిపిస్తుంది. చక్రమంటూ ఏదీ లేదు, ఉన్నది ఒక్క కొరివి. మనస్సు తిరిగే వేగాన్ని మనం ఏకకాలం అని భ్రమపడుతున్నాం.

మన అష్టావధానం సంగతేమిటని తెలుగు పూర్వపక్షి లేవవచ్చు. ఎనిమిదిమంది పృచ్ఛకులు, ఒక్కడే అవధాని. కాస్త గమనించండి. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం, దత్తపదికి ఒక పాదం, నిషేధాక్షరికి అక్షరం అక్షరం, ఇలా వరసగా తిరిగి మళ్లీ మొదటికి వస్తాడు. ఒక్కొక్కరి దగ్గర వదిలిన చోటు మరిచిపోకుండా అందుకోవడంలో ఉంది విద్య అంతా. మధ్యలో గంట కొడుతుంటే లెక్కపెట్టుకుంటాడు. అప్రస్తుత ప్రసంగి ‘మీ ఆవిడ ఇవాళ ఏం కూర వండింది’ అంటే నవ్వుతూ జవాబిస్తాడు. అవధానం కూడా గౌతముడి పక్షానే నిలిచింది. నా కారులో సీటుబెల్టు గంట ఉంది, నిషేధాక్షరిగా తెర ఉంది, అప్రస్తుత ప్రసంగానికి వెనక సీట్లో బావమరిది ఉన్నాడు. తేడా ఒక్కటే: అవధాని వేదిక మీద కూర్చుంటాడు. వేదికకు చక్రాలుండవు.

ఎక్కడున్నాం? దృష్టి దగ్గర.

సూది దిగే వేగం మనవాళ్లు చెప్పారు గాని, అది వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేదు. ఆ పని యూటా విశ్వవిద్యాలయంలో జరిగింది. డేవిడ్ స్ట్రేయర్ బృందం ఇక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ వారి ఫౌండేషన్ కోసం కార్లలో మాటతో నడిచే ఫోన్లనూ తెరలనూ పరీక్షించి 2015లో బయటపెట్టిన విషయం ఇది. ఆజ్ఞ ఇవ్వడం అయిపోయి, చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద ఉన్నా, కొన్ని వ్యవస్థల్లో 27 సెకన్ల దాకా మనసు పూర్తిగా తిరిగి రాలేదు. 25 మైళ్ల వేగంలో అది 990 అడుగులు. 2017లో 30 కొత్త కార్లు పరీక్షిస్తే, తెరలో గమ్యం ఎక్కించడానికి సగటున 40 సెకన్లు పట్టింది.

దీనికి తెలుగులో మాట ముందే ఉంది: పరధ్యానం. ‘పర’ అంటే పరబ్రహ్మం అని చెప్పుకుంటే ఇంతకు మించిన యోగం లేదు. ‘వేరొకటి’ అని చెప్పుకుంటే యోగం మారి, ధ్యానించినవాడు పరానికి పోతాడు. ఈ దేశంలో 2022లో పరధ్యానం కారణమైన రోడ్డు ప్రమాదాల్లో 3,308 మంది చనిపోయారు. ఇక్కడ వ్యాఖ్యాతకు చమత్కారం తోచడం లేదు.

నాకు కోపం హెచ్చరిక మీద కాదు. హెచ్చరిక అవసరమయ్యేలా కారును తయారుచేసి, ఆ పాపాన్ని నా వేలికి చుట్టడం మీద. నా పాత కారులో ఏసీకి ఒక నాబ్ ఉండేది. మంచు కురిసే పొద్దున గ్లవుజు తీయకుండా, చూడకుండా తిప్పేవాణ్ని. కొత్త కారులో అద్దానికి ఆవిరి పడితే తెరలో మూడు గదులు దాటాలి. అద్దం మసకబారి ముందు సరిగా కనిపించని క్షణంలోనే ఆ కాస్త కనిపించేదాని మీంచి కూడా చూపు తీయమంటోంది. తీస్తే తప్పు నాది, అంగీకరించాను గదా!

ఇది తెలియక చేసింది కూడా కాదు. 1986లో బ్యూక్ రివియేరా అనే కారులో నాబ్‌లు తీసి తాకే తెర పెట్టారు. రేడియో మార్చడానికి కళ్లు తిప్పాల్సి వస్తోందని అప్పుడే గోల పుట్టింది. 1990 మోడల్‌లో తెర తీసేశారు. తర్వాత రివర్స్ కెమెరా చట్టం వచ్చింది. 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. కారు వెనక ఆడుకునే పసిపిల్లల ప్రాణాలు కాపాడే చట్టం, దానికి చేతులెత్తి మొక్కవచ్చు. కెమెరాకు తెర కావాలి. తెర ఎలాగూ పెట్టాం కదా అని నాబ్‌లు ఒక్కొక్కటే అందులోకి దిగిపోయాయి. ఓడల వాళ్లకు మాత్రం బుద్ధి వచ్చింది. 2017లో సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అనే అమెరికా యుద్ధనౌక ట్యాంకర్‌ను గుద్దుకుని పదిమంది నావికులు పోయారు. తెర మీది మీటల గందరగోళం విచారణలో బయటపడ్డాక, చేత్తో పట్టుకుని నెట్టే లీవర్లు తిరిగి పెడతామని 2019లో నౌకాదళం చెప్పింది. తర్ఫీదు పొందిన నావికులకే కష్టమైన పని, సాంబారు గిన్నె ఒళ్లో పెట్టుకుని పాట్‌లక్‌కు బయల్దేరిన సంసారికి సాధ్యమని ఎలా అనుకున్నారో!

‘వాహనము ఆగియున్నపుడు మాత్రమే’. కారు కదిలితే తెరలో అక్షరాలు మసకబారతాయి. నాకు, సరే. పక్క సీట్లో మా ఆవిడ ఖాళీగా కూర్చుని ఉంది, ఆవిడకూ కొట్టనివ్వదు. సీటులో మనిషి లేచినా కూర్చున్నా పసిగట్టి బెల్టు గంట కొట్టే కారు ఇది! నడిపేదెవరో, పక్కన కూర్చున్నదెవరో దానికి తెలియదట. “ఏవండీ, దీంతో పెట్టుకోకండి, నా ఫోన్లో చూసి చెబుతా ఉండండి” అంటుంది. ఆవిడ లేని రోజు జేబులోంచి ఫోన్ తీసేది నేనే. న్యూజెర్సీలో ఫోన్ చేత పట్టుకుంటే మొదటి తప్పుకే 200 నుంచి 400 డాలర్లు. చట్టం చేతుల్ని చూస్తుంది, తెర కళ్లను చూస్తుంది. అణువంత మనస్సు ఎవరి పరిధిలోకీ రాదు.

‘స్థానిక చట్టములు’. ఇంటింటి చట్టం ఒకటుంది, ఏ తెరా చెప్పదు. కారులో ఫోన్ కలవగానే “కార్లో ఉన్నాం, అందరూ వింటున్నారు” అనాలి. ఒకసారి మా ఆవిడ అది మరిచింది. “మీ ఆయనకు ఆ పొట్ట తగ్గిందటే?” అని మా అత్తగారి గొంతు కారు నలుమూలల నుంచీ పలికింది.

ఇక నా సంగతి. పొద్దున ఎనిమిదింటికి బ్రిడ్జ్‌వాటర్ ఆఫీసుకని 287 హైవే ఎక్కుతాను. అప్పుడు తెనాలిలో, ఎండాకాలపు లెక్కన, సాయంత్రం ఐదున్నర. అమ్మ కాఫీ తాగి కూర్చునే వేళ. ఇక్కడ మా బోటివాళ్లు చాలామందికి అమ్మతో మాట్లాడే సమయం ఆ అరగంటే. ఆఫీసు చేరాక కుదరదు, ఇల్లు చేరేసరికి అక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. మొన్న అమ్మ పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించమని పక్కింటివాళ్లు అంటున్నారని చెబుతోంది. అది నాన్న నాటిన చెట్టు. మధ్యలో మార్గసూచన గొంతు అడ్డుపడి ఏదో చెప్పింది. “ఎవర్రా ఆ దొరసాని?” అంది అమ్మ. చెప్పి నవ్వించి, మళ్లీ చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎగ్జిట్ దాటిపోయాను. దాటిన సంగతి కూడా బెడ్‌మిన్‌స్టర్ బోర్డు చూశాకే తెలిసింది. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. మధ్యలో ఎన్ని కార్లు నా ముందుకు వచ్చి తప్పుకున్నాయో నాకు గుర్తు లేదు. నేను తెనాలిలో ఉన్నాను.

కాబట్టి మా అమ్మకూ, అలాంటి అమ్మలందరికీ ఒక విన్నపం. మాట్లాడుతుండగా వెనకాల హుష్షుమని గాలి చప్పుడు వినిపిస్తే, కొబ్బరిచెట్టు సంగతి ఆదివారానికి దాచి ఫోన్ పెట్టేయండి. మేం పెట్టలేం.