మొన కింద మట్టి

నేను గడ్డపారను. సిరిసిల్ల పక్క పల్లెలో ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. ఒక కొసన మొన, రెండో కొసన వెడల్పాటి అంచు. నన్ను కొన్న పెద్దాయనకు గుంటెడు పొలం కూడా లేదు. పద్మశాలి మనిషి, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికినవాడు. ఊళ్లో పని సన్నగిల్లితే సిరిసిల్ల వాళ్లు భివండీ పోతారు, లేకుంటే సూరత్ పోతారు. ఆయన సూరత్ దారి పట్టాడు. నన్ను గోనెపట్టాలో చుట్టి, వరంగల్‌లో నవజీవన్ రైలెక్కించి సీటు కిందికి తోశాడు. "గీ ఇనుప ముక్క సూరత్‌ల దొరకదా?" అని ఆయన భార్య భుసావల్ దాకా సణుగుతూనే ఉంది.

లింబాయత్ అద్దె గదిలో నాకేం పని? తలుపు వెనక తుప్పు పట్టాను. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలితే తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. ఆ నీళ్లు చూశాక పెద్దాయనకు నగరం దాటి సొంత ఇల్లు కొనాలన్న పట్టుదల వచ్చింది. కడోదర నుంచి బార్డోలీ వెళ్లే దారిలో జోల్వా ఉంది, పల్సాణా తాలూకాలో. ఒకప్పుడు చెరకు పొలాలున్న నేల. ఇప్పుడు బట్టల మిల్లులు, వాటి మధ్య ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల వరసలు. ఆయన వరస చివర కొస ఇల్లు కొన్నాడు, పక్కన కాస్త ఖాళీ జాగా వస్తుందని. ఆ జాగాలో మేస్త్రీలు వదిలేసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, కంకర అలాగే ఉండిపోయాయి. పెరడు చేయాలి, చేయాలి అంటూనే పెద్దాయన వెళ్లిపోయాడు. ఇల్లు మనవరాలి పేర రాశాడు. ఇంటితోపాటు ఆయన భార్య, అంటే పిల్లకు బాపమ్మ, బాపమ్మతోపాటు నేనూ ఆ పిల్ల లెక్కలోకి వచ్చాం.

పిల్ల ముందుగా చేసింది గళ్ల కాగితం మీద బొమ్మ గీయడం. మధ్యలో పచ్చిక, పక్కన రాళ్ల బాట, గోడవారగా మామిడి, గేటు మీద కాగితపు పూల తీగ. అందంగానే ఉంది. కాగితానికి కింద ఏముందో తెలియదు కదా, అది వేరే సంగతి. నాకు తెలుసు. ఫిబ్రవరిలో నన్ను దించితే మొన జానెడు కూడా దిగలేదు. నల్లరేగడి. ఎండితే బండ, నోళ్లు తెరిచిన బీటలు. తడిస్తే ఉబ్బి, అంటుకుని, కాలు పెట్టనివ్వదు. ఈ రెంటికీ నడుమ పదును ఉండేది కొద్దిరోజులే, ఆ రోజుల్లోనే తవ్వాలి. సిరిసిల్లలో ఎర్రనేలను పొడిచి పెరిగిన నాకు ఈ సంగతి తలకెక్కడానికి చాలా దెబ్బలే పట్టాయి.

బాపమ్మ ఒక పని చెప్పింది. "గుంత తీసి నీళ్లు పొయ్యి బిడ్డా, రేపు పొద్దున సూద్దాం." పదును రాగానే మోకాలి లోతు గుంత తీశాం. మర్నాటికీ సగం నీళ్లు కదలకుండా ఉన్నాయి. బొమ్మలో సగం అక్కడే చెరిగిపోయింది. సూరత్ ప్రాంతంలో వాన తెలంగాణ కన్నా ఎక్కువ, అదీ దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. నీళ్లు ఇంకని చోట మునగ కొమ్మ నాటితే వేరు కుళ్లుతుంది. గోడవార మామిడి మాటకొస్తే, పెద్ద చెట్టు వేసవిలో రేగడి లోపలి తడిని పీల్చేస్తుంది, మట్టి ముడుచుకుంటుంది, పునాది కదులుతుంది. పిల్ల మామిడిని కొట్టేసింది. మూలన నిమ్మ మిగిలింది. పచ్చిక గురించి నన్నడగలేదు గానీ, అడిగితే మొదటే వద్దనేదాన్ని.

ఎత్తు మడులు కట్టాలని తేలింది. మట్టిలో పశువుల ఎరువు, చల్థాన్ చక్కెర ఫ్యాక్టరీ మడ్డి కలిపారు. మడ్డిని తెచ్చిన రోజే వేయకూడదు, లోపల వేడి ఉంటుంది. కుప్పపోసి మాగనివ్వాలి. పుంటికూరకు ఒక మడి, చుక్కకూరకు ఒకటి. కరివేపాకు ఒక దిబ్బ మీద, మునగ ఇంకో దిబ్బ మీద. గోడ మీదికి బీర తీగ. ఇంతవరకు ఎవరైనా చేసేదే.

ఇక శిథిలాల కుప్ప. పిల్ల ట్రాక్టర్ పిలిచి ఎత్తించబోయింది. బతుకమ్మకు తంగేడు కావాలని బాపమ్మ అడ్డం పడింది. "తంగేడు ఎక్కడుంటదో ఎరుకేనా? రాళ్ల మీద, గట్ల మీద. మెత్తటి నేల దానికి నచ్చదు." నిజమే, తెలంగాణ రాష్ట్ర పుష్పమని పేరు పెట్టారు గానీ దాన్ని ఎవరూ ముద్దుగా పెంచరు, బీడున పెరిగే పొద అది. నీళ్లు నిలవని ఎత్తైన కుప్ప, అడుగున ఇటుకలు, కంకర, పైన కాసింత మట్టి. ఈ జాగా మొత్తంలో సిరిసిల్ల గట్టుకు దగ్గరగా ఉన్నది అదొక్కటే. కుప్పను నాతో సర్ది, దారిలోంచి పక్కకు జరిపి, అక్కడే ఉంచారు. గింజ పెంకు గట్టిది, వేడి నీళ్లలో నానబెట్టి వేశారు. కుప్ప చుట్టూ గునుగు గింజలు చల్లారు, దాని వెనక బంతి. మా ఊళ్లో గునుగును చేలో కలుపని పీకేస్తారు, ఇక్కడ దాని మొలకలకు చాట నీడ పట్టారు.

పక్కింటి మాసీ గోడ మీంచి ఈ తతంగమంతా చూసేది. పూల కోసం కలుపు పెంచుతారా అని మొదట నవ్వింది. సూరత్‌లో నవరాత్రి అంటే గర్బా. బతుకమ్మ నడిచేదీ ఆ రోజుల్లోనే, ఒక రోజు ముందు అమావాస్యకే మొదలవుతుంది. సెప్టెంబరులో గునుగు తెల్లగా, గులాబీ కొసలతో విచ్చాక మాసీ తన వంతుగా పాపడి గింజలు గుప్పెడు తెచ్చిచ్చింది. చలికాలం ఉంధియు వండాలంటే సూర్తీ పాపడి లేకపోతే లాభం లేదట.

తంగేడు మొదటి ఏడు పూయలేదు. బాపమ్మ దానికి కోప్పడలేదు. బతుకమ్మ పేర్చడానికి గునుగు, బంతి మనవి, గుమ్మడి పూలు మాసీ పెరట్లోవి, తంగేడు మాత్రం లింబాయత్ నుంచి ఎవరో తెచ్చారు. నన్ను సొసైటీ కుర్రాళ్లు గర్బా పందిరి గుంజలకు గుంతలు తీయడానికి తీసుకెళ్లారు. వానలు పూర్తిగా పోలేదు, మట్టి ఇంకా పదునులోనే ఉంది, మొన సులువుగా దిగింది. పిల్ల మూడో రోజు వచ్చి నన్ను వెనక్కి అడిగింది, పాపడి పందిరికి గుంజలు పాతాలట.