తూము మేస్త్రి

కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరులమీదుగా కడపకు పోవు బాటలో, షెడ్డు ముందటి వేపచెట్టు నీడను పాత టైరుపై ఆసీనుడై, వచ్చిన బండి యేదైనను, వచ్చిన పని యేదైనను, ముందుగా దాని వెనుక చతికిలబడి అడుగుభాగమును పరీక్షించు మేస్త్రి యొకడు మీకు తప్పక తటస్థించును. హారను మ్రోగుటలేదని చెప్పుడు, బ్రేకు పట్టుటలేదని మొఱపెట్టుడు, ఆయన బండిక్రిందనుండియే, "ఏంది సార్, దీనికి తూమే లేదే!" అని నిట్టూర్చును. హారను మాట అంతటితో సమాప్తము.

వెనుకచక్రముల నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియుండు ఇనుప హౌసింగులో క్రౌను, పినియను అను పండ్లచక్రములు తొంబై నంబరు నూనెలో మునిగి తిరుగుచుండును. ఆ నూనె పోయుటకు ప్రక్కన రంధ్రముంచిన కంపెనీవారిలో కొందఱు, తీయుటకు అడుగున మఱియొకటి యుంచుట అనవసరమని తలచిరి. అట్టి బండికి నూనె మార్చవలెనన్న వెనుకమూత బోల్టులన్నియు విప్పవలెను. గంధకపు కంపు గొట్టు నల్లనూనె మోచేతులనుండి చంకలదాక ప్రాకగా పాత ప్యాకింగు గీకి క్రొత్తది వేయవలెను. ఈ అన్యాయమును సహింపలేకయే మన మేస్త్రి సంస్కర్తయైనాడు. "చెరువు కట్టినోడు తూము పెట్టకుండా పోతాడా సార్? నీళ్లు కావల్లంటే కట్ట తెగ్గొట్టుకుంటామా?" అని ఆయన ప్రశ్నించునపుడు, వానచుక్కకు మొగమువాచిన సీమవాడెవడును మాఱు పలుకజాలడు.

పిమ్మట మూత లేతుకు పోవును, అడుగున రంధ్రము పడును, నట్టు వెల్డింగగును, రాగివాషరుతో బోల్టు బిగియును. బోల్టు మొనకు పాత స్పీకరులోని అయస్కాంతపు ముక్కను అతికించుట ఆయన ప్రత్యేకత. తరువాత నూనె తీసినపుడు దానికంటిన ఇనుపరజమును బొటనవ్రేలిపై రాచి, ఎండకు త్రిప్పి చూచి, పినియను ఆయుర్దాయము చెప్పును. మెత్తని బూడిదవలెనున్న శుభము. పలుకులుగానున్న పెదవి విఱుచును.

శిష్యులకు ఆయన ఉపదేశించు మహామంత్రము ఒక్కటే: "పోసే బొక్క ఇప్పినాకనే తీసే బొక్క ఇప్పల్ల." ఎవడో అజ్ఞాని నూనెయంత క్రిందికి విడిచి, పై బిరడా తుప్పుపట్టి కదలకపోగా, బేతంచెర్ల బండల లారీని మూడుదినములు ఎండలో నిలిపెనని కథ చెప్పును. ఆ కథ వచ్చినప్పుడెల్ల పెద్దశిష్యుడు పానా వెదకుకొనుచు గోడవంక తిరుగుటచే, ఆ అజ్ఞాని యెవరో నాకు బోధపడినది.

ఆయన యింట నీళ్ళడ్రమ్మునకు తూము, కూలరునకు తూము. సంగటికుండకు మాత్రము ఇల్లాలి అనుమతి యింకను లభింపలేదు.

నా జీపునకును ఆ సంస్కారము జరిగినది. పోరుమామిళ్ల చెఱువును గూర్చిన 1369 నాటి సంస్కృతశాసనము తటాకమునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను పేర్కొని, కట్టనుండి నీరు స్రవించుటను దోషములలో చేర్చినది. మా వాకిటి కడపబండపై రూపాయిబిళ్ళంత నూనెమరక కనబడిన ఉదయమున నాకా శాసనము జ్ఞప్తికి వచ్చెను. మేస్త్రిని పిలిపించితిని. ఆయన వంగి, వాసన చూచి, "ఇది నా తూముది కాదు సార్, పినియన్ సీలుది" అని తీర్పు చెప్పి, మరకపై నేనుంచిన డాల్డాడబ్బాను చేతికెత్తుకొని, తలక్రిందులు చేసి, అడుగును వ్రేలితో తట్టెను.

డబ్బాను నేను లాగికొంటిని.