లవంగం బాబాయ్

లవంగం బాబాయ్ లేని వీధి ఉండదు. ఆయన చొక్కా జేబులో పెన్ను లేకపోయినా కాగితం పొట్లంలో నాలుగు లవంగాలు మాత్రం ఉంటాయి. ఎడమ దవడతో నమలడం మానేసి చాలాకాలమైంది. జంతికలు పిన్ని పొడికొట్టి పెడుతుంది. "డాక్టరుకి చూపించుకోరాదూ?" అంటే, "పన్నుపోటు మూడు రోజులేరా, దానంతటదే పోతుంది" అంటాడు.

నాలుగో రోజు అర్ధరాత్రి అసలు కథ మొదలవుతుంది. పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరి పోటు రెట్టింపవుతుంది. పిన్ని మోకాళ్ల నొప్పుల మాత్ర కూడా మింగేస్తాడు. తెల్లారేసరికి బుగ్గ పూర్ణంబూరెలా పొంగుతుంది. ఆసుపత్రి తలుపు తీసేటప్పటికి మఫ్లరు చుట్టుకుని గుమ్మంలో సిద్ధం.

డాక్టరమ్మ నోట్లో అద్దం పెట్టకముందే వైద్యం తనే చెప్పేస్తాడు: "పీకెయ్యమ్మా, పీడా పోతుంది!"

ఎక్స్‌రే చూసి ఆవిడ అంటుంది: "పుచ్చు నరం దాకా వెళ్లింది బాబాయిగారూ. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను దక్కుతుంది."

ఖర్చెంతో వినగానే సగం నొప్పి తగ్గుతుంది. "ఈ వయసులో పన్నుకి కిరీటమెందుకమ్మా?"

"పోనీ, పీకేస్తాను."

"పై పన్ను కదా, చూపు పోతుందంటారే!"

"పోదండీ. ముందు ఆ గారైనా తీయనివ్వండి."

"గార తీస్తే పళ్లు కదిలిపోవూ?"

పన్ను పీకకూడదు, బాగుచెయ్యకూడదు, అసలు ముట్టుకోకూడదు. నొప్పి మాత్రం పోవాలి. అదీ సాయంత్రం పెళ్లి భోజనం వేళకి!

చివరికి మాత్రలు రాయించుకుని వస్తాడు. వాపు దిగగానే వాటినీ మానేస్తాడు. కొన్నాళ్లకి పోటు పూర్తిగా ఆగిపోతుంది. "చూశావా లవంగం మహిమ!" అని మీసం దువ్వుతాడు. పాపం, చచ్చింది పంటి నరం. వేరు కింద చీము తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

లవంగానికి మహిమ లేదని కాదు. అందులోని యూజినాల్‌ని దంతవైద్యులూ వాడతారు. అది నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుందేగాని పుచ్చుని పూడ్చదు. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే వెళ్లి ఉంటే ఒక్కపూటలో ఫిల్లింగ్ పెట్టి పంపేవారు.

కాబట్టి పన్ను నొప్పి లేనప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లండి. లవంగాలు బిర్యానీలోకి దాచుకోండి.