తేలికపాటి చెప్పులపై ఒక బరువైన చర్చ

పెద్దమండ్యం నుంచి గుర్రంకొండ, మదనపల్లె మీదుగా పుంగనూరు, కుప్పం దాకా సాగే నేలలో కొండ కనబడని ఊరిని వెతకడం ఎంత కష్టమో, ఏ పనీ లేకుండా కొండ ఎక్కే మనిషిని వెతకడం కూడా మొన్నమొన్నటి దాకా అంత కష్టంగానే ఉండేది. మేకల వెంట వెళ్ళే కాపరులు, మొక్కు తీర్చుకునే భక్తులు, కట్టెలకో సీతాఫలాలకో పోయేవారు అనే మూడు తెగలు అనాదిగా కొండ ఎక్కుతూ ఉండగా, ఈమధ్య నాలుగో తెగ ఒకటి వచ్చి చేరింది. ఎక్కడం కోసమే ఎక్కి, పైన ఫోటో తీసుకుని, దిగి వచ్చే ఈ తెగను ట్రెక్కర్లు అంటారు. వీరు ఎదురైనప్పుడు కాపరి అడిగే మొదటి ప్రశ్న "ఏం సార్, పైన ఏమైనా పోగొట్టుకున్నారా?" అన్నది. మొదటి మూడు తెగలవారు కాళ్ళకు ఉన్నదానితోనే ఎక్కేస్తారు గనుక, కాళ్ళకు ఏం వేసుకోవాలనే మీమాంస నాలుగో తెగతోనే పుట్టిందని చెప్పవలసి ఉంటుంది.

ఈ మీమాంస తేలాలంటే ముందు నేల సంగతి తెలియాలి. ఇక్కడి కొండలు అతి పురాతనమైన గ్రానైటు, నైసు శిలలవి; నైసు అంటే భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ లోనై చారలు తేలిన రాయి. ఎండకూ వానకూ ఈ రాయి పొరలు పొరలుగా ఊడి, చివరకు గరుసుగా మారి, నున్నటి పరుపుబండ మీద పలుచగా పరచుకుంటుంది; దాని మీద కాలు పెట్టినవాడు తాను ముందు అనుకోని చోట కూర్చుంటాడు. బండ దాటితే తుమ్మ, రేగు, పల్లేరు కాచుకుని ఉంటాయి. అందువల్ల ఇక్కడి పాదరక్షకు బండ మీద పట్టు, ముల్లుకు లొంగని మందం, కాలికి భారం కాని తేలికదనం అనే మూడు పరీక్షలు తప్పవు. మొదటి రెండింటిలో నెగ్గిన బూటు మూడోదానిలో తప్పడం, మూడోదానిలో ప్రథమ శ్రేణి సాధించినది మొదటి రెండింటికీ హాజరే కాకపోవడం మామూలు.

తేలికదనానికి ఇంత పట్టింపు ఎందుకంటే, పాదం మీది బరువును ప్రతి అడుగులోనూ ఎత్తి, ముందుకు విసిరి, మళ్ళీ ఆపవలసి ఉంటుంది. అమెరికా సైన్యం తరఫున సోల్, గోల్డ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1969లో ప్రకటించిన కొలతల ప్రకారం, మనిషి తన సొంత ఒంటి బరువులో ఒక కిలోను మోయడానికి వెచ్చించే శక్తితో పోలిస్తే, అదే కిలో తల మీద ఉంటే 1.2 రెట్లు, పాదాలకు ఉంటే నడక వేగాన్ని బట్టి 4 నుంచి 6 రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. భారం తగ్గించుకోవాలని పులిహోర పొట్లాన్నీ నీళ్ళ సీసానూ ఇంటి దగ్గర వదిలి, కిలోన్నర తోలు బూట్లు తొడుక్కుని బయలుదేరిన మనిషి, పనికొచ్చే బరువును దించి పనికిరాని బరువును అనేక రెట్లకు ఎత్తుకున్నవాడవుతాడు. అలిపిరి పాదాలమండపం దగ్గర లోహపు పాదరక్షలను తల మీద పెట్టుకుని ప్రదక్షిణం చేసే భక్తులు, భక్తితో చేసినా సరే, ఈ లెక్క ప్రకారం పాదరక్షను మోయడానికి అతి చవకైన చోటునే ఎంచుకున్నారు.

అసలు పాదరక్షే వద్దన్న సిద్ధాంతం కూడా ఈ సీమలో ఉంది. తాళ్ళపాక చిన్నన్న తన తాత జీవితాన్ని చెప్పిన ద్విపద కావ్యంలో, బాలుడైన అన్నమయ్య చెప్పులతో తిరుమల కొండ ఎక్కుతూ మోకాళ్ళముడుపు దగ్గర సొమ్మసిల్లగా, అలమేలుమంగ ప్రత్యక్షమై చెప్పులు విడిచి ఎక్కమని చెబుతుంది. అలిపిరి దారిలోని 3,550 మెట్లను నేటికీ లక్షలాది పాదాలు ఏ కంపెనీ సాయమూ లేకుండా ఎక్కుతున్నాయి. అయితే మెట్ల మధ్య పల్లేరు మొలవదు గనుక, ఈ సిద్ధాంతాన్ని గుర్రంకొండ వాలులకు యథాతథంగా అన్వయించకపోవడం మంచిది.

చవకలో మొదటి అభ్యర్థి హవాయి చెప్పు. తూకంలో దీనిని ఓడించేది లేదు, ధరలోనూ లేదు. పట్టీ ఊడితే కింద పిన్నీసు గుచ్చి నడక సాగించే సౌకర్యం మరే పాదరక్షకూ లేదు. కానీ తుమ్మముల్లు దీని అడుగులో దిగి, బయటి మొన విరిగి, లోపలి మొన రబ్బరులో దాగి ఉంటుంది; అడుగు వేస్తే గుచ్చుకుంటుంది, చెప్పు తీసి వేలితో తడిమితే ఏమీ తగలదు. మనిషి బరువు పడినప్పుడు మాత్రమే తలెత్తే ఈ ముల్లును చేత్తో పట్టడం అసాధ్యం, కాలితో పట్టడం మాత్రం అనివార్యం. పైగా దిగుదలలో పాదం చెప్పును దాటి ముందుకు పోయి, చెప్పు వెనక తీరిగ్గా వస్తుంది.

కిర్రు చెప్పు ముల్లుకు లొంగదు గానీ బరువు. దాని చప్పుడు ఎలుగుబంటికి ముందస్తు సమాచారంగా ఉపయోగపడవచ్చు. అసలైన గౌరవం దక్కవలసినది టైరు చెప్పుకు. 1935లో ఆల్ప్స్ పర్వతాలలో సరైన బూట్లు లేని సహచరులు ఆరుగురు మరణించాక, విటాలే బ్రమాని అనే ఇటలీ పర్వతారోహకుడు పిరెల్లి టైర్ల కంపెనీ తోడ్పాటుతో గట్లు తేలిన రబ్బరు సోలును రూపొందించాడు. విబ్రమ్ అన్న పేరుతో అది నేటికీ ఖరీదైన బూట్ల అడుగున ఉంటుంది. సీమ చెప్పులు కుట్టేవాళ్ళు కంపెనీ తోడ్పాటు కోరకుండా నేరుగా టైరునే కోశారు. లోపం తూకంలో ఉంది. లారీ టైరుతో చేసినది లారీని మోయడానికి పుట్టిన రబ్బరే కదా!

బరువు, ధర, పట్టు మూడూ కొంత కొంతగా కుదిరేది రబ్బరు అడుగున్న కాన్వాసు బూటులో. దీనిని చిన్నచూపు చూసేవారు ఎమ్మా గేట్‌వుడ్ సంగతి తెలుసుకోవాలి. 1955లో, 67 ఏళ్ళ వయసులో, ఆ అమెరికా అవ్వ భుజాన ఒక గుడ్డ సంచి వేసుకుని, కాన్వాసు బూట్లతో అపలాచియన్ కొండదారిని, అంటే దాదాపు 3,300 కిలోమీటర్లను ఒంటరిగా నడిచి ముగించింది. హార్సిలీ కొండ దీనికంటే కఠినమని వాదించేవారు ఆ కొండ పైదాకా బస్సు వెళ్తుందన్న సంగతిని పరిగణించాలి.

కొనేటప్పుడు అంగడివాడు రంగు చెబుతాడు, ధర చెబుతాడు, గ్యారంటీ కూడా చెబుతాడు. బరువెంత అని అడిగిన గిరాకీని మాత్రం అనుమానంగా చూస్తాడు. టమాటా మార్కెట్‌కు పేరుపడ్డ మదనపల్లెలో కాటాకు కొరత లేదు గనుక, జత 600 గ్రాముల లోపు తూగితే సంతోషించవచ్చు. మడమనూ ముందు కొననూ పట్టుకుని బట్ట పిండినట్టు మెలితిప్పినప్పుడు బూటు కొంత ఎదురు తిరగాలి, వంగడం వేళ్ళ దగ్గరే వంగాలి. నడిచే కొద్దీ పాదం ఉబ్బుతుంది గనుక సాయంత్రం పూటే కొలత చూసుకుని, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉంచుకోవాలి. లేకుంటే దిగుదలలో గోరు నల్లబడుతుంది. ఇంటికి వచ్చేలోగా వీధి చివర ఆరె పట్టుకుని కూర్చున్న అతని దగ్గర, మైనం పూసిన దారంతో సోలు చుట్టూ అంచు కుట్టు వేయించడం, జిగురును నమ్ముకోవడం కంటే వెయ్యి రెట్లు మేలు.

ఖరీదైన బూటు కొని, అరిగిపోతుందని అటక మీద దాచేవారికి ఒక హెచ్చరిక అవసరం. పాలీయురెథేన్ అనే పదార్థంతో చేసిన సోలు గాలిలోని తేమకే లోలోపల విచ్చిపోతుంది. వాడినా వాడకపోయినా కొన్నేళ్ళకు పొడిపొడిగా రాలుతుంది, అదీ సాధారణంగా ఊరికి దూరంగా, కొండ సగం ఎక్కాక. అలా అడుగు విడిచిన వేల రూపాయల బూటు యజమానిని కిందికి చేర్చే సాధనం, జేబులో తాడుంటే తాడు, లేకుంటే తోటివాడు సంచిలో వేసుకొచ్చిన హవాయి చెప్పుల జత. దాని పట్టీకి పిన్నీసు ఉందో లేదో ఆ సమయంలో ఎవరూ చూడరు.