మొలతాడు లేని నడుములు

మా అవ్వ జన్మలో తూకం మిషను ఎక్కలేదు. ఇంట్లో పిలకాయలు చిక్కిపోతున్నారా, ఒళ్ళు చేస్తున్నారా అన్నది ఆమెకు మొలతాడు చెప్పేది. పండక్కి తలంటి కొత్తది కట్టేటప్పుడు పాతదానిలోకి రెండు వేళ్ళు దూర్చి చూసేది. మూడో వేలు కూడా దూరిందంటే ఆ పూట మన ముద్ద పెద్దదయ్యేది. దూరకపోతే మొహం వెలిగిపోయేది, ఆ వెంటనే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది. ఇప్పుడు మొలతాడు కట్టమంటే మా మనవడు సిగ్గుపడతాడు. వాడిది ఎలాస్టిక్ నిక్కరు. ఎంత సాగినా అది ఎవరికీ చెప్పదు, ఒక సైజు చాలకపోతే పై సైజు ఫోన్లో బుక్ చేస్తారు. నడుం చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదనీ, అదే అన్నిటికన్నా సులువైన లెక్క అనీ ఇప్పటి డాక్టర్లు చెప్తున్నారు. టేపు అక్కర్లేదు, ఎత్తుకు సరిపడా దారం తెంచి సగానికి మడిచి నడుముకు చుట్టి చూస్తే చాలు. మా అవ్వ వేళ్ళతో చేసిందే వీళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారు.

కుప్పంలో ఉన్న మా కూతురు ఈ లెక్క తెలియక చాన్నాళ్ళు వాడి మెడ తోమింది. మెడ వెనకాల, చంకల్లో నల్లగా, కాస్త మందంగా, మఖ్మల్ గుడ్డ అంటించినట్టు. స్నానం సరిగ్గా చెయ్యడం లేదని తిట్టి సున్నిపిండి పెట్టింది, నిమ్మచెక్క రుద్దింది, వాడు కుయ్యోమొర్రోమన్నాడు. చివరికి దద్దుర్లకని వెళ్తే డాక్టరమ్మ మెడ చూసి, "ఇది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదనడానికి గుర్తు, ఎంత తోమినా పోదు" అంది. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అని చీటీ మీద రాసిచ్చింది. వాడికి పదమూడేళ్ళు. మా రోజుల్లో చక్కెర జబ్బు అంటే మండీ షావుకార్లకీ రిటైరైన తాసీల్దార్లకీ వచ్చేది. అది వచ్చిందంటే ఆ మనిషికి ఆస్తి ఉన్నట్టు లెక్క.

మా ఇంటి గోలే అయితే రాసేవాణ్ణి కాదు. 1990లో మన దేశంలో అయిదు నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు ఊబకాయం ఉన్నవాళ్ళు నాలుగు లక్షలు. 2022కి వాళ్ళు కోటీ పాతిక లక్షలయ్యారని 2024లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. ప్రపంచం మొత్తమ్మీద ఈ వయసువాళ్ళలో బక్కపిల్లల కన్నా ఊబకాయుల శాతం ఎక్కువైపోయిందని 2025లో యూనిసెఫ్ చెప్పింది: 9.2కి 9.4. మన దేశం సంగతి ఇంకా విచిత్రం. 2016-18లో చేసిన జాతీయ పోషకాహార సర్వేలో పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లో నూటికి 24 మంది ఉండాల్సిన దానికన్నా సన్నం, అయిదుగురు లావు. ఒకే బడిలో, ఒకే బెంచీలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటున్నారు.

రచ్చబండ దగ్గర మా ఈడువాళ్ళని కదిపితే ఒకటే పాట. ఈ కాలం పిలకాయలకు ఒళ్ళు వంగదు, నోటికి అదుపు లేదు, మేం అలా ఉన్నామా అని. నాకు ఒళ్ళు మండేది ఆ మాటకే. మేం అలా లేం, నిజమే. కానీ అది మా గొప్పా?

మా ఊరి నుంచి పుంగనూరు హైస్కూలు మూడు మైళ్ళు. రానూ పోనూ ఆరు, అంటే దాదాపు పది కిలోమీటర్లు. వ్యాయామం చేద్దామని నడిచామా? బస్సు లేక నడిచాం. ఆ రోజుల్లో ఎవరైనా మోటారు సైకిలు మీద దింపుతానంటే ఎగిరి ఎక్కేవాళ్ళమే. పొద్దున సద్ది తాగి, మధ్యాహ్నానికి సంగటి ముద్ద, ఊరుబిండి గుడ్డలో కట్టుకుని బయల్దేరేవాళ్ళం. దారిపొడవునా మేత ఉండనే ఉండేది: రేగ్గాయలు, కలేకాయలు, చింతచిగురు, ఎవరి కయ్యలోదో గుప్పెడు పచ్చి చెనిక్కాయలు. సంక్రాంతి ముందు అనపకాయలు. కయ్య యజమాని తరిమితే ఇంకో అర మైలు పరుగు కలిసొచ్చేది. సాయంత్రం చిల్లాకట్టె, చెడుగుడు, బొంగరాలు. ఎండాకాలం నడుముకు బెండ్లు కట్టుకుని కపిల బావిలో దూకడం. చీకటి పడితే కిరసనాయిలు దీపం, దానికి ఖర్చు. అందుకని ఎనిమిదింటికల్లా నిద్ర. పిల్లకాయకు తొమ్మిది గంటల నిద్ర కావాలని ఎవరూ మాకు చెప్పలేదు, నూనె ధర చెప్పింది.

తిందామన్నా ఏముంది? పుంగనూరు, కుప్పం, మదనపల్లె చుట్టూ ఉన్నది గుట్టలూ మెట్టపైర్లూ. వాన పడితే రాగులు, చెనిక్కాయలు, పడకపోతే అవీ లేవు. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. బెల్లం ఉండ అవ్వ కొంగు ముడిలోంచి రావాలి. కరువుల్లో ఒంటిపూట తిన్న ఇళ్ళు నాకు తెలుసు, మా ఇల్లూ వాటిలో ఒకటి. ఆ సన్నపు నడుముల్ని ఇప్పుడు నిగ్రహం అని పిలుచుకుని పొంగిపోవడం మా ముసలాళ్ళ వేషం. చుట్టూ ఉన్న ఏర్పాటు మమ్మల్ని సన్నంగా ఉంచింది. ఇప్పటి ఏర్పాటు వీళ్ళని లావు చేస్తోంది. అప్పుడు మా ఇష్టంతో పని పడలేదు, ఇప్పుడు వీళ్ళ ఇష్టంతోనూ లేదు.

లావంటే సంతోషపడే గుణం మాకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం ఉంది కదా. క్షయకు మందు లేని కాలంలో అక్కడ వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. రోగి బరువు పెరిగాడంటే బతికి బయటపడుతున్నాడని ఇంటికి కబురు. ఎన్ని ఊళ్ళ నుంచో మనుషులు బరువు పెరగడానికి మా దగ్గరికి వచ్చారు. అలాంటి చోట పుట్టి పెరిగిన అవ్వలు, బుగ్గలు లేని మనవణ్ణి చూసి నిద్రపోగలరా? "బొద్దుగా ఉన్నాడు" అన్నది ఈ ప్రాంతంలో మొన్నమొన్నటిదాకా ఆశీర్వాదం. మా ఇంటావిడ ఇప్పటికీ కుప్పం వెళ్ళేటప్పుడు నిప్పట్లు, ఓళిగలు గంపెడు మోసుకెళ్తుంది. వద్దంటే నన్ను పిసినారి అంటుంది.

కరువుకి ఇంకో బాకీ ఉంది. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అనే డాక్టరు అక్కడి పసికందుల్ని ఇంగ్లండు పసికందులతో పోల్చి చూశారు. వాళ్ళు సగటున మూడున్నర కిలోలు, మనవాళ్ళు 2.7 కిలోలు. అంత చిన్న ఒంట్లోనూ కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు, బాగా తగ్గింది కండ. కడుపులో ఉండగా తిండి చాలని బిడ్డ, వచ్చే కాలమంతా కరువేనని ఒంటిని అలా సర్దుకుని పుడుతుందట. పుట్టాక ఎదురైంది కరువు కాదు, పఫ్‌లూ కూల్‌డ్రింకులూ. తరతరాలుగా కరువు చూసిన సీమలో ఈ లెక్క ఎంత గట్టిగా కొడుతుందో వేరే చెప్పాలా?

సంగటి ఎప్పుడు పోయింది అంటే నాకు గుర్తున్నంతలో 1983 తర్వాత. ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు. దాన్ని తిట్టే నోరు నాకు లేదు, ఆ బియ్యమే మా ఊళ్ళో రాత్రి పొయ్యిలు వెలిగించింది. కానీ పండగ అన్నం రోజూ అన్నమయ్యాక రాగులు విసిరే ఓపిక ఎవరికి ఉంటుంది? తిరగళ్ళు పశువుల కొట్టాల్లోకి చేరాయి. నలభై ఏళ్ళు తిరిగేసరికి 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లో రాగి జావ పెట్టడం మొదలైంది. బెంగళూరులోనేమో సంగటి మట్టి ముంతల్లో పెట్టి వందలు గుంజుతున్నారు. ప్రభుత్వ బడి పిల్లకాయకు గుడ్డు, జావ, చిక్కీ అందుతున్నాయి. ఫీజులు కట్టి ప్రైవేటు బడికి పంపిన మా మనవడి డబ్బాలో పొద్దున అయిదు నిమిషాల్లో ఉడికే నూడుల్సు.

నెయ్యి వల్లే లావెక్కుతారనే వాళ్ళతో నాకు పేచీ ఉంది. మాది పుంగనూరు పక్క. మా ఆవు మీటరు ఎత్తుంటుంది, రోజుకు మూడు నుంచి అయిదు లీటర్లు ఇస్తుంది, పాలలో వెన్న మాత్రం నూటికి ఎనిమిది పాళ్ళ దాకా. మామూలు ఆవు పాలలో అందులో సగం. ఆ పాల పెరుగు తిని పెరిగిన మాలో బానపొట్ట వాడు ఒక్కడూ లేడు. ఎందుకంటే మా వంతుకు వచ్చేది చిన్న గ్లాసుడు, నెయ్యి సంతకు పోయేది. ఇప్పుడా ఆవు ప్రధాని ఇంట్లో మేత తింటూ ఫొటోలకెక్కింది, ధర లక్షల్లో పలుకుతోంది, దాని సొంత ఊళ్ళో పిల్లకాయలు డబ్బా పొడి కలిపిన పాలు తాగుతున్నారు. ఆ పొడిలో చక్కెర ఎంతో డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది.

ఒకసారి బడి వదిలే వేళకు కుప్పంలో అంగడి ముందు నిలబడండి. నేను నిలబడ్డాను. గడప పైనుంచి కింద దాకా అయిదు రూపాయల పొట్లాలు సరాలుగా వేలాడుతుంటాయి, పిల్లకాయ చెయ్యి అందే ఎత్తున. ఒక్కటి లాగితే టప్‌మని తెగుతుంది. అంగడాయన లేవక్కర్లేదు, పిల్లకాయ అడగక్కర్లేదు. లోపల చిప్స్ ఒక గుప్పెడు, మిగతాదంతా గాలి. ఆ గుప్పెడు కడుపు నింపదు గనక ఇంకోటి తెగుతుంది. పక్కన పావు లీటరు కూల్‌డ్రింకు: అందులో చక్కెర 25 గ్రాములు దాటుతుంది, ఆరు టీ చెంచాలు. ఇంట్లో కాఫీలో రెండో చెంచా వేస్తే అరిచే తల్లులే ఆ సీసా మూత తీసి ఇస్తారు. కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తిండి బడికి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. నేను అడుగులేసి చూశాను. గేటుకీ అంగడికీ మధ్య ఒక కాలవ, ఒక కుక్క.

మదనపల్లె టమోటాల సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. దేశమంతటికీ లారీలు పోయే మార్కెట్ యార్డు అది. 2023 జూలైలో కిలో రెండు వందల దాకా పలికి టీవీలకెక్కింది, ధర పడిపోయిన నెలల్లో రైతులు రోడ్డు మీద పారబోసి పోయారు. ఆ ఊళ్ళో పిల్లకాయలకు కూరలో టమోటా ముక్క తగిలితే ఏరి పక్కన పెడతారు. సాసు పొట్లం మాత్రం పళ్ళతో చించి చప్పరిస్తారు. అందులో అయిదో వంతుకు తక్కువ కాకుండా చక్కెర.

సాయంత్రం కాగానే గోబీ మంచూరియా బండ్లు వెలుగుతాయి. కుప్పానికి కర్ణాటక కూతవేటు దూరం గనక అక్కడి వంటలన్నీ ముందు మాకే చేరతాయి. గోబీలో కృత్రిమ రంగులు వెయ్యకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. ఆ నిషేధం నూనె జోలికి రాలేదు.

సెల్‌ఫోన్ గురించి అందరూ రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఒక్క మాట: ఫోను చూస్తూ తినే పిల్లకాయకు ఎంత తిన్నాడో తెలీదు. ఆ ఫోను మొదట చేతిలో పెట్టింది, అన్నం తినిపించడం సులువవుతుందని, వాళ్ళమ్మే.

ఇక ఆట. నేను మదనపల్లె బీటీ కాలేజీలో చదివాను. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ. టాగూరు 1919లో అక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడని ఎవరొచ్చినా చెప్తాం. మాకు మాత్రం ఆ కాలేజీ అంటే ముందు మైదానం, తర్వాతే టాగూరు. ఇప్పటి ఇంటర్ చదువు మూడంతస్తుల బిల్డింగులో, కింద టైర్ల షాపు, పైన హాస్టలు. పొద్దున అయిదుకు స్టడీ అవర్, రాత్రి పదకొండుకు స్టడీ అవర్. మధ్యలో మెట్లు ఎక్కి దిగడమే పిల్లలకు ఆట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసువాళ్ళకు రోజుకు గంటసేపు ఒళ్ళు కదలాలంటుంది. ఆ గంట ఏ ర్యాంకుకి పనికొస్తుందని కాలేజీవాళ్ళ ప్రశ్న. ఆడపిల్లల మాట ఇంకా చేదు. పెద్దమనిషయ్యాక ఆమె పరుగెత్తితే చూడ్డానికి వీధంతా కళ్ళు చేసుకుంటుంది, అందుకని ఆమెకు మెట్లు కూడా తక్కువే.

మా మనవడి బడి ఇంటికి ఒక కిలోమీటరు లోపే. నడిచి పోరా అంటే మా కూతురు నా మీద విరుచుకుపడింది. "ఆ హైవే మీద గ్రానైట్ లారీలు చూశావా నాయనా? వాణ్ణి పంపి నేను ఇంట్లో ఎట్లా కూర్చునేది?" వెళ్ళి చూశాను. ఆమె చెప్పింది నిజమే. కాలిబాట లేదు, ఉన్నచోట బళ్ళు పెట్టుకున్నారు. అందుకని వాడు బడి వ్యానులో ముప్పావు గంట ఊరంతా తిరిగి ఆ కిలోమీటరు చేరతాడు.

డాక్టరమ్మ వాణ్ణి బరువు తగ్గమంది. వాడు తలూపాడు. తినడం తగ్గించమంది, ఆడమంది, పొద్దున నడవమంది. ఎక్కడ ఆడాలో, ఎక్కడ నడవాలో రాసిచ్చే చీటీ ఆమె దగ్గర లేదు. పాపం ఆమె తప్పేముంది.

శనివారం వాళ్ళ బడిలో పేరెంట్స్ మీటింగ్. మా అల్లుడికి సెలవు దొరకదు, నేనే పోతున్నా. టైం టేబుల్లో వారానికి రెండు పీరియడ్లు ఆటలని అచ్చేశారు. ఆ రెండింటిలోనూ లెక్కల సారు వచ్చి లెక్కలు చేయిస్తున్నాడని మనవడు చెప్పాడు. ఆటల సారు ఫీజుల పుస్తకం రాస్తాడట. మైదానం ఏదని అడిగితే వ్యాన్లు నిలిపే చోటు చూపిస్తారని వాడే ముందుగా చెప్పి పెట్టాడు. సరే, అయితే వ్యాన్లు ఎక్కడ నిలపాలో నేను చూపిస్తా. బడి వెనకాల ప్రిన్సిపాలు కారు కోసం వేసిన షెడ్డులో రెండు పడతాయి.